కోలుకోవడాన్ని తూచే తక్కెడ

ఆపరేషన్ అయిన మర్నాడు నర్సు ఒక కాగితం ఇచ్చి, 15 ప్రశ్నలకు 0 నుంచి 10 దాకా మార్కులు వేయమన్నదని ఒక పాఠకురాలు రాశారు. "బీపీ, నాడి, రక్తపరీక్షలు ఉండగా, నాకు తోచినట్టు వేసే మార్కుల్లో సైన్స్ ఏముందండీ?" అని ఆవిడ ప్రశ్న. సూటిగా అడిగినందుకు సంతోషం. బీపీ సరిగ్గా ఉండి, కుట్లు ఎండుతూ ఉండి కూడా, రాత్రంతా నిద్ర లేక, కడుపులో తిప్పుతూ, ఏమవుతుందోనన్న టెన్షన్‌తో మనిషి నలిగిపోతూ ఉండొచ్చు. ఆ సంగతి ఏ యంత్రానికీ తెలియదు. పడుకున్న మనిషినే అడగాలి. కాకపోతే ఎలా అడగాలన్నదే పెద్ద శాస్త్రం.

ఆవిడ చెప్పినదాన్ని బట్టి ఆ కాగితం క్యూఓఆర్-15 కావాలి. క్యూఓఆర్ అంటే 'క్వాలిటీ ఆఫ్ రికవరీ', కోలుకున్న తీరు. ఆస్ట్రేలియాకు చెందిన మత్తు డాక్టర్ పాల్ మైల్స్ బృందం 2000లో 40 ప్రశ్నల జాబితా ఒకటి తయారుచేసింది. నొప్పితో ఉన్నవాళ్ళకు అంత ఓపిక ఎక్కడిది? 2013లో దాన్ని 15కి కుదించారు. గత 24 గంటల్లో ఊపిరి సులువుగా ఆడిందా, తిండి సయించిందా, సొంతంగా బాత్రూం పనులు చేసుకోగలిగారా, డాక్టర్లూ నర్సులూ అండగా ఉన్నారా, వాంతులు, దిగులు, నొప్పి ఉన్నాయా... ఇలా సాగుతుంది. మొత్తం 150 మార్కులు. ఎంత ఎక్కువ వస్తే అంత బాగా కోలుకున్నట్టు.

ఇది మొదట ఇంగ్లీషులో పుట్టిన తక్కెడ. మరో భాషలోకి మార్చినప్పుడు ఇద్దరు విడివిడిగా అనువదించి, రెండూ కలిపి, మూలం చూడని ఇంకొకరు మళ్ళీ ఇంగ్లీషులోకి తిప్పి సరిపోల్చే పద్ధతి ఉంది. అది అవసరమే. కానీ చాలామంది పని అక్కడితో అయిపోయిందనుకుంటారు. అక్కడికి తక్కెడ బిగించడం మాత్రమే అయింది. అది సరిగా తూస్తుందో లేదో ఇంకా ఎవరికీ తెలియదు. పైగా ఇక్కడ పోల్చి చూసుకోవడానికి తూకపు రాళ్ళు లేవు. "ఈయన కచ్చితంగా 112 మార్కుల మేర కోలుకున్నాడు" అని ముద్ర వేసిన మనిషి ఎక్కడా దొరకడు. రాయి లేకుండా తక్కెడను పరీక్షించడం ఎలాగన్నదే నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చిన చిక్కు.

మొదట పాసంగం చూడాలి, అంటే ఖాళీ తక్కెడే ఒక పక్కకు మొగ్గుతోందేమో చూడాలి. కొద్దిమంది పేషెంట్ల చేత కాగితం నింపించి, పక్కన కూర్చుని "ఈ ప్రశ్న మీకేమని అర్థమైంది?" అని ఒక్కొక్కటే అడుగుతారు. క్యూఓఆర్-15లో మొదటి 10 ప్రశ్నలు మంచి లక్షణాల గురించి, చివరి 5 బాధల గురించి. బాధల దగ్గర కొలబద్ద తిరగబడుతుంది: అసలు లేకపోతే 10, ఎప్పుడూ ఉంటే 0. తీవ్రమైన నొప్పితో మూలుగుతున్న మనిషి "10 అంటే ఎక్కువ నొప్పి కదా" అనుకుని 10 చుట్టూ గీత గీశాడనుకోండి. అతనికి రావలసింది 0. ఒక్క గీతతో మొత్తం 10 మార్కులు పెరిగిపోయింది. పేషెంటుకు తేడాగా అనిపించే అతి చిన్న మార్పు 6 మార్కులని మైల్స్ బృందమే 2021లో లెక్కకట్టింది. ఒక్క అపార్థం దానికన్నా పెద్దది!

తర్వాత, ఒకే సరుకును రెండుసార్లు తూచాలి. కోలుకునే మనిషి గంటగంటకూ మారిపోతాడు. రెండో తూకం ఆలస్యమైతే సరుకే మారిపోతుంది, మరీ వెంటనే అడిగితే ఇందాక వేసిన మార్కులు గుర్తుండిపోతాయి. అందుకే అదే రోజు, కాస్త విరామం ఇచ్చి అడుగుతారు. రెండుసార్లూ వచ్చిన అంకెల మధ్య మామూలు సహసంబంధం (ఒకటి పెరిగితే రెండోదీ పెరుగుతోందా అని చూసే లెక్క, పూర్తిగా కలిస్తే 1) చూస్తే మోసపోతాం. రెండోసారి అందరికీ 10 మార్కుల చొప్పున పెరిగినా సహసంబంధం 1 అనే చూపిస్తుంది. అంకెలు నిజంగా ఒకటేనా అని చూసే ఇంట్రాక్లాస్ గుణకం కావాలి. దాన్ని ఇక్కడ విశ్వసనీయత అందాం.

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి. మార్కుల ప్రామాణిక విచలనం, అంటే అందరి మార్కులూ సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె, 17.3 అనుకుందాం. విశ్వసనీయత 0.95 వస్తే అందరూ భేష్ అంటారు. కొలతలోని పొరపాటు కావాలంటే 1లోంచి 0.95 తీసేసి, వర్గమూలం కట్టి, 17.3తో గుణించాలి. సుమారు 3.9 వస్తుంది. ఒక మనిషి విషయంలో రెండు కొలతల మధ్య నమ్మదగిన కనీస తేడా దీనికి 2.77 రెట్లు, అంటే దాదాపు 10.7. పేషెంటుకు ముఖ్యమైన 6 మార్కుల మార్పు ఆ ఊగిసలాటలో కలిసిపోతుంది. అదే విశ్వసనీయత 0.99 అయితే ఈ తేడా 4.8కి దిగుతుంది, అప్పుడు 6 పట్టుబడుతుంది. 0.95కూ 0.99కూ మధ్య ఇంత దూరం ఉంది. వందలమంది సగటు తీసే పరిశోధనకు మొదటిదీ పనికొస్తుంది. ఒక మంచం దగ్గర నిలబడి ఈ ఒక్కరి సంగతి తేల్చడానికి మాత్రం సరిపోదు.

ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి ఎంత కలిసి నడుస్తున్నాయో చెప్పే అంకె ఇంకొకటి ఉంది, ఆల్ఫా. లీ క్రోన్‌బాక్ 1951లో ఇచ్చిన దాన్ని క్లాసుల్లో "0.7 దాటితే పాస్" అని బట్టీ పట్టిస్తారు. నాకది బాధగా ఉంటుంది, ఎందుకంటే దాని వెనకున్న ఆలోచన చాలా అందమైనది. 15 ప్రశ్నలకు ఒక్కొక్కదాని విస్తృతి (ప్రామాణిక విచలనపు వర్గం) 4 అనుకోండి, కలిపితే 60. ప్రశ్నలకు ఒకదానితో ఒకటి సంబంధమే లేకపోతే మొత్తం మార్కుల విస్తృతి కూడా 60 దగ్గరే ఆగుతుంది, ఆల్ఫా 0. అవి కలిసి లేచి కలిసి పడితే మొత్తం 300కి చేరొచ్చు, అప్పుడు ఆల్ఫా 0.86. మరీ 0.97 వచ్చినా సంబరపడకూడదు. ఒకే ప్రశ్నను పదిహేను రకాలుగా అడిగినట్టు కావచ్చు.

ఇక రాళ్ళు లేని లోటు. దానికి బదులు ముందే అంచనాలు రాసి పెట్టుకుంటారు: ఆపరేషన్ ఎక్కువసేపు జరిగినవాళ్ళకు మార్కులు తగ్గాలి, ఆస్పత్రిలో ఎక్కువ రోజులు ఉన్నవాళ్ళకూ తగ్గాలి, ఆపరేషన్‌కు ముందుకన్నా మర్నాడు బాగా పడిపోవాలి. ముందే రాయడం చాలా ముఖ్యం. జరిగిపోయాక "నేను అప్పుడే అనుకున్నా" అనడం జాతకాల పద్ధతి, అందులో తప్పని తేలే అవకాశమే ఉండదు. ఇక్కడ తక్కెడ ఓడిపోయే వీలు ఉండి తీరాలి.

ఇన్ని పరీక్షలు నెగ్గినా ఆ ఫలితం ఎవరి మీద పరీక్షించారో వాళ్ళకే వర్తిస్తుంది. చదవలేనివాళ్ళకు, కళ్ళజోడు దగ్గర లేనివాళ్ళకు నర్సే ప్రశ్నలు చదివి వినిపిస్తుంది. "డాక్టర్లూ నర్సులూ అండగా ఉన్నారా?" అని ఆమె స్వయంగా అడుగుతుంటే, ఆమె ముఖం చూస్తూ 4 అని చెప్పగలిగేవాళ్ళు ఎంతమంది? చేత్తో నింపిన కాగితం, చదివి వినిపించిన కాగితం రెండూ ఒకేలా తూస్తాయా అన్నది విడిగా పరీక్షించాలి. ఆపరేషన్ తర్వాత మతి తడబడిన వృద్ధులనూ, ఐసీయూలో ఉన్నవాళ్ళనూ ఇలాంటి అధ్యయనాల్లో మామూలుగా మొదటే పక్కన పెడతారు. అందరికన్నా కష్టంగా కోలుకునేది వాళ్ళే. వాళ్ళ మార్కులు ఆ సగటులో లేవు.