పాత మదర్‌బోర్డుకు ఏ ప్రాసెసర్ సరిపోతుంది? అపోహలు - వాస్తవాలు

చిత్తూరు చుట్టుపక్కల వేబ్రిడ్జిల దగ్గర, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లు ఇంకా నడుస్తున్నాయి. తూకం యంత్రం సీరియల్ పోర్టు అనే పాత రకం కనెక్షన్‌కే కలుస్తుంది, ఆ సాఫ్ట్‌వేర్ రాసినవారు ఇప్పుడు దొరకరు. అందుకే యజమానులు బోర్డు మార్చకుండా ప్రాసెసర్ మార్చమంటారు. అడగడం సబబే. తిరుపతిలో సర్వీసు పని చేసే నా దగ్గరికి వారు తెచ్చే నమ్మకాలతోనే చిక్కు.

అపోహ: సాకెట్‌లో, అంటే బోర్డు మీద ప్రాసెసర్ పెట్టే చోట, కూర్చుంటే పని చేసినట్టే.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. ఎల్‌జీఏ 775 సాకెట్ 2004లో వచ్చింది. పెంటియం 4, పెంటియం డి, కోర్ 2 డ్యుయో, కోర్ 2 క్వాడ్ అన్నీ అందులో కూర్చుంటాయి. కానీ ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే చిప్‌సెట్ కూడా కుదరాలి. 915 చిప్‌సెట్ బోర్డు మీద పెంటియం డి నడవదు. 945జీ చిప్‌సెట్‌కు బస్ వేగం (ప్రాసెసర్‌కూ చిప్‌సెట్‌కూ మధ్య డేటా నడిచే వేగం) అధికారికంగా 1066 మెగాహెర్ట్జ్ వరకే, ఇ8400 అనే కోర్ 2 డ్యుయో ప్రాసెసర్‌కు కావలసింది 1333. అదే ప్రాసెసర్‌కు జీ41 బోర్డు చక్కగా సరిపోతుంది.

775 కంటే పాతదైన సాకెట్ 370ది ఇంకా పెద్ద చిక్కు. మెండొసినో సెలెరాన్, కాపర్‌మైన్ పెంటియం 3, 2001లో వచ్చిన టువాలటిన్ తరం ప్రాసెసర్లు, ఈ మూడింటికీ 370 పిన్నులే. కానీ వోల్టేజీలు వేరు, కొన్ని పిన్నుల పని కూడా వేరు. పాత బోర్డు మీద టువాలటిన్ పెడితే మామూలుగా స్క్రీన్ కూడా వెలగదు.

అపోహ: బయాస్ (కంప్యూటర్ ఆన్ కాగానే బోర్డులో మొదట నడిచే ప్రోగ్రామ్) అప్‌డేట్ చేస్తే ఏ ప్రాసెసరైనా తీసుకుంటుంది.

బయాస్ ప్రాసెసర్‌ను గుర్తుపట్టడానికి మాత్రమే. దానికి కరెంటు అందించే సర్క్యూట్ బోర్డు మీద ఉంటుంది, దాన్ని ఏ ఫైలూ మార్చలేదు. 2005 నాటి చాలా 945 బోర్డులు కోర్ 2 డ్యుయోను నడపలేవు. అదే చిప్‌సెట్‌తో తర్వాత వచ్చిన రివిజన్లు నడపగలవు. కాబట్టి మోడల్ పేరుతో ఆగిపోకుండా బోర్డు అంచున అచ్చువేసిన రివిజన్ నంబరు చదవండి. ఇంటెల్ సొంత బోర్డులైతే స్టిక్కర్ మీద ఏఏతో మొదలయ్యే నంబరు ఉంటుంది. కంపెనీ ఇచ్చిన ప్రాసెసర్ల జాబితాను ఆ నంబరుతోనే సరిచూడాలి.

ప్రాసెసర్ వైపు కూడా అంతే. దాని మూత మీద ఎస్‌ఎల్‌తో మొదలయ్యే కోడ్ ఉంటుంది. ఇ8400 పేరుతోనే ఎస్‌ఎల్‌ఏపీఎల్, ఎస్‌ఎల్‌బీ9జే అని రెండు రకాలు దొరుకుతాయి. పాత బయాస్ మొదటిదాన్ని గుర్తుపట్టి, రెండోదాన్ని గుర్తుపట్టకపోవచ్చు. ఇలాంటప్పుడే అప్‌డేట్ నిజంగా ఉపయోగపడుతుంది. అయితే పాత ప్రాసెసర్ బోర్డు మీద ఉండగానే ఆ పని ముగించాలి, యూపీఎస్ తప్పనిసరి. మధ్యలో కరెంటు పోతే బోర్డు అక్కరకు రాకుండా పోతుంది.

అపోహ: వోల్టేజీని బోర్డే చూసుకుంటుంది.

775 కాలానికి ఇది నిజమే. ఇంకా పాతవైన సాకెట్ 7 బోర్డుల్లో మాత్రం చాలావాటికి జంపర్లు, అంటే పిన్నులను కలిపే చిన్న క్లిప్పులు, చేత్తో పెట్టాలి. మామూలు పెంటియంకు 3.3 వోల్టులు, ఎంఎంఎక్స్ రకం పెంటియం కోర్‌కు (లోపలి ప్రధాన భాగానికి) 2.8, ఏఎండీ కంపెనీ కే6-2 రకాల్లో ఎక్కువవాటికి 2.2. జంపర్ మార్చకుండా కే6-2 పెడితే అది కాలిపోయే ప్రమాదం ఉంది. మాన్యువల్ లేకపోతే బోర్డు మీద ముద్రించిన పట్టిక వెతకండి. అదీ లేకపోతే దయచేసి ఊహించి పెట్టకండి.

వేడి సంగతి కూడా చూడాలి. 65 వాట్ల ప్రాసెసర్ ఉన్నచోట 95 వాట్ల పెంటియం డి పెట్టి, పాత ఫ్యానే ఉంచితే మన మే నెల ఎండల్లో మధ్యాహ్నానికే ఆగిపోతుంది. జాబితాలో పేరుందని ధైర్యపడకుండా వాట్లు కూడా చూడండి.

అపోహ: స్క్రీన్ వెలగలేదంటే కొత్త ప్రాసెసర్ సరిపోలేదని అర్థం.

అలా అనుకుని మంచి ప్రాసెసర్‌ను వెనక్కి ఇచ్చేసేవారు చాలామంది. 775లో పిన్నులు ప్రాసెసర్‌కు కాదు, సాకెట్‌కు ఉంటాయి. ముందు టార్చి వేసి, భూతద్దంతో వంగిన పిన్నుల కోసం చూడండి. నాలుగు పిన్నుల పవర్ కేబుల్ పెట్టారో లేదో చూడండి. సీఎంఓఎస్‌లో దాచిన బయాస్ సెట్టింగులు చెరిపి, సీఆర్2032 బ్యాటరీ మార్చి, ఒక్క ర్యామ్‌తోనే ఆన్ చేయండి. ఇవన్నీ అయ్యాక పాత ప్రాసెసర్ పెడితే వెలిగి, కొత్తది పెడితే వెలగకపోతేనే జాబితా మళ్లీ తీయండి.