పెద్దమ్మ ముసలి బ్యాండ్ పిచ్చి గురించి

ఒరే చిన్నా, ఏమే బుజ్జీ,

దసరా సెలవులకి వచ్చినప్పుడు ఇంగ్లండ్ నుంచి నాకిష్టమైన బ్యాండ్ పాటల పార్సెల్ వచ్చింది, దాని మీద కస్టమ్స్ కూడా కట్టి తీసుకున్నానని మీరిద్దరూ పడీ పడీ నవ్వారు కదా. ఆ పాటలన్నీ ఫోన్లో ఉన్నాయి పెద్దమ్మా, పైగా వాళ్ళంతా తాతలు, యూట్యూబ్‌లో వ్యూస్ కూడా సరిగ్గా లేవు, వీళ్ళకి ఎందుకింత డబ్బులు పోస్తావు అన్నారు. అప్పుడు చేతికి గారెల పిండి ఉంది, వంటింట్లో మీ అమ్మ అరుస్తా ఉంది, సమాధానం చెప్పడానికి కుదర్లేదు. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా. పొడుగ్గానే ఉంటుంది, కూర్చుని చదవండి.

బ్యాండ్ పేరు మరిలియన్. 1979లో ఇంగ్లండ్‌లో ఎయిల్స్‌బరీ అనే ఊళ్ళో మొదలైంది. వీళ్ళు వాయించేదాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారు, మావాళ్ళు ముద్దుగా ప్రోగ్ అంటారు. 1960ల చివర్లో అక్కడి కుర్రాళ్ళు కొంతమందికి మూడు నిమిషాల ప్రేమ పాటలంటే విసుగు పుట్టింది, ఎల్పీ రికార్డు ఒక్కో పక్క ఇరవై నిమిషాల పైన పడుతుంది కదా, ఆ పక్కంతా ఒకే పాట ఎందుకు ఉండకూడదు అనుకున్నారు. కింగ్ క్రిమ్సన్, యెస్, జెనెసిస్, పింక్ ఫ్లాయిడ్ అందరూ ఆ బాపతే. తాళాలతో కూడా ఆడుకున్నారు. బుజ్జీ, నీకు మీ సంగీతం టీచర్ మిశ్రచాపు వేయిస్తారు కదా, తకిట తకధిమి అని ఏడు, పింక్ ఫ్లాయిడ్ వాళ్ళ మనీ పాట (1973) పెట్టుకుని తొడ మీద అదే వేసి చూడు, చాలావరకు సరిపోతుంది, మధ్యలో గిటార్ వచ్చినప్పుడు నాలుగుకి మారిపోతుంది, అక్కడ జాగ్రత్త.

అయితే 1976, 77 వచ్చేసరికి పంక్ అని ఇంకో గాలి వీచింది. గిటార్ మీద మూడు పట్లు వస్తే చాలు స్టేజీ ఎక్కు అనే బ్యాచ్ అది. వాళ్ళ దెబ్బకి ప్రోగ్ అంటే పత్రికలవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. సరిగ్గా ఆ నవ్వులాట జోరుగా ఉన్నప్పుడు వచ్చారు మరిలియన్ వాళ్ళు, పదిహేడు నిమిషాల పాటలు పట్టుకుని. అంటే మొదటి రోజు నుంచే ఫ్యాషన్‌లో లేని బ్యాండ్. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

నేను హిందూపురం నుంచి వచ్చి బెంగళూరులో బ్యాంకు ఉద్యోగంలో చేరిన కొత్త. బసవనగుడిలో అద్దె గది. సెక్షన్‌లో పనిచేసే ఒకాయన దగ్గర ఎల్పీలు ఉండేవి, ఖాళీ క్యాసెట్ కొనిస్తే డబ్బింగ్ చేసి ఇచ్చేవాడు. అట్లా వచ్చింది నా చేతికి మిస్‌ప్లేస్డ్ చైల్డ్‌హుడ్ ఆల్బమ్, 1985లో ఇంగ్లండ్‌లో నంబర్ వన్ అయింది అది. టీడీకే తొంభై నిమిషాల క్యాసెట్, ఒక వైపు నలభై ఐదు, ఆల్బమ్ మొత్తం నలభై ఒక్క నిమిషాలు, చక్కగా ఒకవైపే పట్టేసింది. ఆ ఆల్బమ్‌లో పాటకీ పాటకీ మధ్య ఖాళీ ఉండదు, ఒకదాంట్లోంచి ఇంకోటి పుట్టుకొస్తా ఉంటుంది. ఖాళీ వచ్చేది ఒక్కచోటే, ఆయన ఎల్పీ తిప్పి రెండో పక్క వేసినచోట. అక్కడ కొంచెం గరగర, తర్వాత టక్కుమని సూది పడిన చప్పుడు, ఆ తర్వాత మళ్ళీ పాట. ఎన్నో ఏళ్ళ తర్వాత సీడీ కొన్నాను, సౌండ్ అద్దంలా ఉంది, కానీ ఆ చోటు వచ్చేసరికి టక్ లేదు. ఇప్పటికీ లోపల నేనే అనుకుంటా, టక్ అని.

1988లో వాళ్ళ సింగర్ ఫిష్ వెళ్ళిపోయాడు. ఫిష్ అంటే మామూలు మనిషి కాదు, ఆరడుగుల పైన ఎత్తు, ముఖానికి రంగులు పూసుకుని పాడేవాడు, పాటలు రాసిందీ ఆయనే. ఇంక బ్యాండ్ అయిపోయింది అనుకున్నారు అందరూ. 1989లో స్టీవ్ హోగార్త్ అని ఇంకో గాయకుడు వచ్చాడు, గొంతు వేరు, మాట వేరు, అసలు మనిషి తీరే వేరు. అభిమానులు రెండు పార్టీలైపోయారు, ఆ గొడవ ఈ రోజుకీ నడుస్తానే ఉంది. మీ పెదనాన్న ఫిష్ పార్టీ, నేను హోగార్త్ పార్టీ, పెళ్ళిచూపుల్లో ఈ సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి సరిపోయింది. ఆ 1989 నుంచి ఈ రోజు వరకు అదే ఐదుగురు, ఒక్కరు కూడా మారలేదు. పాత బ్యాండ్లలో ఇది ఎంత అరుదో మీకు తెలీదు. యెస్ బ్యాండే చూడండి, 2008లో సింగర్‌కి ఒంట్లో బాగాలేకపోతే, వాళ్ళ పాటలే పాడుకుంటూ తిరిగే ఒక కెనడా నకలు బ్యాండ్ గాయకుణ్ణి ఇంటర్నెట్‌లో చూసి తెచ్చి నిలబెట్టారు. అభిమాని వెళ్ళి దేవుడి పీట మీద కూర్చున్నాడన్నమాట, అదీ ఒక ముచ్చటే అనుకోండి.

ఇంక అసలు కథకొస్తా. 1990ల్లో రికార్డుల అమ్మకాలు తగ్గినాయి, 1995లో వీళ్ళ పాటలు అమ్మే ఈఎంఐ అనే రికార్డు కంపెనీ వీళ్ళని వదిలేసింది. తర్వాత చిన్న కంపెనీతో చేసుకున్నారు, వాళ్ళ దగ్గర డబ్బు ఎక్కడిది. అమెరికా అభిమానులు మా ఊరికి రండి అంటే, కీబోర్డ్ వాయించే మార్క్ కెల్లీ నిజం చెప్పేశాడు, వస్తే అరవై వేల డాలర్ల దాకా నష్టం వస్తుంది, మావల్ల కాదు అని. సరే, ఆ అరవై వేలు మేమే పోగేస్తాం అని అభిమానులు బ్యాంకు ఖాతా తెరిచారు, బ్యాండ్ వాళ్ళని అడక్కుండానే. పోగేశారు కూడా. 1997లో టూర్ జరిగింది. ఇంకో మాట, డబ్బు వేసినవాళ్ళు కూడా మళ్ళీ టికెట్ కొనుక్కునే వెళ్ళాలి!

అది చూసి బ్యాండ్ వాళ్ళకి బుర్రలో బల్బు వెలిగింది. 2001 ఆల్బమ్‌కి ఒక్క పాట కూడా రికార్డు చేయకముందే అభిమానులకి రాశారు, ముందే డబ్బు కట్టండి, మేం తీరిగ్గా చేస్తాం, అయ్యాక పంపిస్తాం అని. పన్నెండు వేల మందికి పైగా కట్టారు. ఇప్పుడు మీరు క్రౌడ్‌ఫండింగ్ అంటారే, కిక్‌స్టార్టర్ అనీ ఇంకోటనీ, ఆ కిక్‌స్టార్టర్ మొదలైంది 2009లో. అర్థమైందా?

ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి, బ్యాంకు బుద్ధి ఎక్కడికి పోతుంది. రికార్డు కంపెనీ ఇచ్చే అడ్వాన్స్ ఊరికే ఇచ్చేది కాదురా, పాటగాళ్ళ వాటాలోంచి అది మొత్తం తెగేదాకా వాళ్ళకి రాయల్టీ పైసా రాదు, అప్పు తీరినా రికార్డింగ్ మీద హక్కు మామూలుగా కంపెనీదే. ఇల్లు కట్టుకోడానికి లోన్ తీసుకుని, లోన్ తీరిపోయాక కూడా ఇల్లు బ్యాంకు పేరు మీదే ఉంటే ఎట్లా ఉంటుందో అది. అభిమాని కట్టే డబ్బుకి అవేవీ లేవు, ఒక సీడీ పంపిస్తే బాకీ తీరిపోయినట్టే. పాట వాళ్ళదే, హక్కు వాళ్ళదే, ఇది పొడుగైంది కత్తిరించండి అని చెప్పేవాడు ఉండడు. ఉండి ఉంటే బాగుండేది అనిపించే ఆల్బమ్‌లు కూడా ఒకటి రెండు ఉన్నాయి, అది వేరే సంగతి.

2004లో మార్బుల్స్ ఆల్బమ్‌కి ముందే కట్టినవాళ్ళ పేర్లన్నీ సీడీతోపాటు వచ్చే పుస్తకంలో వేశారు. అప్పట్లో నా కార్డు బయటి దేశాల్లో పనిచేసేది కాదు, మీ మామయ్య ఆన్‌సైట్ అని లండన్‌లో ఉంటే ఆయన చేత కట్టించా. కార్డు ఆయనది కదా, పుస్తకంలో ఆయన పేరే పడింది. మరిలియన్ అంటే మందుల కంపెనీ అనుకునే మనిషి పేరు అక్కడ సన్న అక్షరాల్లో వేలమంది మధ్య మెరుస్తా ఉంది, నేనేమో భూతద్దం పెట్టుకుని వెతికి మరీ చూసి కుళ్ళుకుంటున్నా.

కరోనా తర్వాత 2021లో ఇంకో చిక్కు వచ్చింది. బ్రిటన్‌లో టూర్ పెట్టుకున్నారు, బ్యాండ్‌లో ఒక్కరికి కోవిడ్ వచ్చినా అంతా ఆగిపోతుంది, దానికి ఏ ఇన్సూరెన్స్ కంపెనీ పాలసీ ఇవ్వట్లేదు. మళ్ళీ అభిమానుల్నే అడిగారు, మీరు కొంత డబ్బు పక్కన పెట్టండి, టూర్ ఆగిపోతే నష్టానికి వాడుకుంటాం, సజావుగా జరిగితే మీ డబ్బు మీకు అని. అంటే జనమే ఇన్సూరెన్స్ కంపెనీ అయిపోయారన్నమాట. ఆ నవంబర్‌లో టూర్ అయింది. మరుసటి సంవత్సరం, 2022లో, వచ్చిన ఆల్బమ్ ఇంగ్లండ్ లెక్కల్లో రెండో స్థానానికి వెళ్ళింది, వీళ్ళు తాతలురా చిన్నా, నువ్వన్నట్టే, తాతలే.

ఇప్పుడు మీరు అడుగుతారు, మన హీరోలకి కటౌట్లు కట్టి పాలాభిషేకాలు చేసేవాళ్ళకీ నీకూ తేడా ఏంది అని. అడగండి, మంచి ప్రశ్నే. మారతహళ్ళి దగ్గర థియేటర్ల ముందు తెల్లారుజామున మన తెలుగు పిల్లోళ్ళు డప్పులు కొడుతుంటే నేనూ ఆగి చూసినదాన్నే, ఆ సంబరం తప్పని అననుగాక అనను. కాకపోతే అక్కడ హీరో సినిమా బాగాలేదు అంటే తన్నులాట. మావాళ్ళు అట్లా కాదు, మరిలియన్ అభిమాని అంత నిర్దయగా మరిలియన్‌ని తిట్టేవాళ్ళు ఉండరు. ఈ ఆల్బమ్ నీరసం, ఆ పాటలో డ్రమ్స్ నిద్రపోతున్నాయి, ఆ పదిహేడు నిమిషాల పాటని తొమ్మిదికి కోస్తే బతికేది అని పేజీలకు పేజీలు రాస్తారు, రాసి, తర్వాత ఆల్బమ్‌కి డబ్బు కట్టేస్తారు. పాట వినకముందే కడుతున్నామంటే దాని అర్థం పాట నచ్చిందని కాదు కదా, అది ఇంకా పుట్టనే లేదు. ఈ ఐదుగురూ కూర్చుని నిజాయితీగా పనిచేస్తారు, చేసింది నచ్చకపోతే అప్పుడు పోట్లాడదాం అని. నాకు ఈ వ్యవహారంలో నచ్చింది అదే.

ఇంకోటి ఏమంటే, ఈ పాటలు ఒక్కసారికి ఎక్కవు. బ్రేవ్ అని 1994 ఆల్బమ్, ఒక బ్రిడ్జి మీద దొరికిన అమ్మాయి, తనెవరో చెప్పదు, నోరు విప్పదు, రేడియోలో విన్న ఆ వార్త పట్టుకుని గంట పైన సంగీతం చేశారు. మొదటిసారి విని పక్కన పడేశా. బ్యాంకు నుంచి బస్సులో వస్తూ వాక్‌మన్‌లో మళ్ళీ మళ్ళీ వింటుంటే ఒక్కో గది తలుపు తెరుచుకుంటా వచ్చింది. అంత టైమ్ పెట్టిన తర్వాత మనిషి ఊరికే వదిలిపోడు. ఫ్యాషన్ చూసి వచ్చినవాళ్ళు ఫ్యాషన్‌తోనే పోతారు, ఈ బ్యాండ్‌కి అట్లాంటివాళ్ళు మొదటినుంచీ తక్కువే.

రెండేళ్ళకోసారి మరిలియన్ వీకెండ్ అని పెట్టుకుంటారు, 2002లో ఇంగ్లండ్‌లో మొదలైంది, తర్వాత నెదర్లాండ్స్‌కి మారింది, అక్కడ సముద్రం పక్కన వేలమంది చేరతారు, మూడు రాత్రులు, ఒక్కో రాత్రి ఒక్కోరకం పాటలు. అక్కడ ఒక ఆట ఉంది, అభిమానుల్లో ఎవరినైనా ఎంచి స్టేజీ ఎక్కిస్తారు, బ్యాండ్‌లో ఒకాయన దిగిపోతాడు, ఆయన బదులు వీళ్ళు ఒక పాట వాయించాలి. నేను వెళ్ళలేదు. అసలు వాళ్ళని ఎదురుగా ఎప్పుడూ చూడలేదు. మన బెంగళూరులో నేను చూసిన పెద్ద కచేరీ అంటే 2002లో ప్యాలెస్ గ్రౌండ్స్‌లో పింక్ ఫ్లాయిడ్ రోజర్ వాటర్స్ వచ్చినప్పటిది, ఏప్రిల్ దుమ్ము, చీర కుచ్చిళ్ళు దోపుకుని నిలబడ్డా, ముందున్నవాళ్ళు ఎవరి పక్కన ఎవరున్నారో చూసుకోకుండా ప్రతి మాటా పాడారు, కన్నడం, తమిళం, తెలుగు అన్నీ కలిసిన ఇంగ్లీషులో. మీ అమ్మకి అప్పట్లో గుడికి వెళ్తున్నా అని చెప్పా, ఈ లైన్ చదివి వినిపించొద్దు.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. అభిమానులే అన్నీ చేస్తారు, కంపెనీలు అక్కర్లేదు అని ఈ కథ చూసి చెప్పేవాళ్ళు ఉన్నారు, నమ్మకండి. ఆ పన్నెండు వేలమందిలో చాలామందిని పోగేసింది 1980ల్లో ఈఎంఐ పెట్టిన ఖర్చే, రేడియో, టీవీ, పోస్టర్లు అన్నీ. ఈ రోజు కోరమంగళలో గ్యారేజీలో మొదలుపెట్టిన పిల్లలు రేపు పొద్దున లేచి ముందే డబ్బు కట్టండి అంటే ఎవరు కడతారు. అందుకే మన ఊరి బ్యాండ్లకి టికెట్ కొనే వెళ్ళండి, పాస్ అడక్కండి. అగమ్ అని ఉన్నారు, త్యాగరాజ కీర్తనలు గిటార్లతో మోగిస్తారు, థర్మల్ అండ్ ఎ క్వార్టర్ వాళ్ళు 1996 నుంచి ఇక్కడే వాయిస్తున్నారు. బుజ్జీకి అగమ్ వెంటనే నచ్చుతుంది, పందెం.

మరిలియన్ వినాలనుంటే బ్రేవ్‌తో మొదలుపెట్టకండి, పారిపోతారు. మిస్‌ప్లేస్డ్ చైల్డ్‌హుడ్ పెట్టుకోండి, మొదటి నుంచి చివరిదాకా, మధ్యలో ఫోన్ చూడకుండా, షఫుల్ అసలే వద్దు. అది అయ్యాక మార్బుల్స్. చిన్నా ఫిష్ పార్టీకి వెళ్తాడని నా అనుమానం, మీ పెదనాన్న అప్పుడే సంబరపడుతున్నాడు.

ఎస్పీ రోడ్డులో పాత క్యాసెట్ డెక్‌కి బెల్టు దొరికింది, సంక్రాంతికి వస్తే ఆ టక్ కూడా వినిపిస్తా. అన్నట్టు, వాళ్ళు మళ్ళీ ప్రీ-ఆర్డర్ తెరిస్తే ఈసారి నా కార్డుతోనే కడుతున్నా, ఆ వెబ్‌సైట్‌లో పేరు ఎక్కడ టైప్ చేయాలో వచ్చినప్పుడు చూపించండి, మామయ్యకి మాత్రం చెప్పకండి.

మీ
పెద్దమ్మ