దోపిడీ కథలో ప్రేమ ‘ల్యాగ్’ అవుతుందా? ‘లా బోన్ అనే’ సాక్షిగా కొన్ని అపోహలు, వాస్తవాలు

కథాచర్చల్లో దోపిడీ సినిమా ప్రస్తావన వచ్చిందంటే వినిపించే సూత్రాలు దాదాపు ఎప్పుడూ ఒకటే: ప్లాన్ పకడ్బందీగా ఉండాలి, కట్స్ వేగంగా పడాలి, లవ్ ట్రాక్ ఎంత తగ్గితే అంత మంచిది. ఆ సూత్రాల ప్రకారం తీసిన రషెస్‌ను, అంటే ఇంకా కత్తెర పడని షూటింగ్ దృశ్యాలను, ఎడిటింగ్ గదిలో కూర్చొని కత్తిరించే వృత్తి నాది కనుక, వాటిలో ఏవి నిలబడతాయో ఏవి నిలబడవో ఒక్క సినిమాను ఎదురుగా పెట్టుకొని చెబుతాను. అది క్లోద్ లెలూష్ 1973లో తీసిన ఫ్రెంచి చిత్రం ‘లా బోన్ అనే’, ఇంగ్లీషులో ‘హ్యాపీ న్యూ ఇయర్’.

కథ తెలియనివారి కోసం నాలుగు మాటలు. కాన్ నగరంలో సముద్రానికి ఎదురుగా సాగే క్రోయిజెత్ వీధిలోని వాన్ క్లీఫ్ అండ్ ఆర్పెల్స్ నగల దుకాణాన్ని దోచుకోవడానికి సిమోన్, అతని సహచరుడు చార్లో పథకం వేస్తారు. రెక్కీకి వెళ్లిన సిమోన్ ఆ దగ్గర్లోనే పురాతన వస్తువుల దుకాణం నడుపుతున్న ఫ్రాన్సువాజ్ మీద మనసు పారేసుకుంటాడు. దోపిడీనాడు అతను దొరికిపోతాడు, చార్లో నగలతో తప్పించుకుంటాడు. కొన్నేళ్ల తరువాత, బయటికి వదిలితే సహచరుడి దగ్గరికి తానే దారి చూపిస్తాడన్న లెక్కతో పోలీసులు సిమోన్‌ను ముందస్తుగా విడుదల చేయిస్తారు. సినిమా ఈ విడుదలతో మొదలై వెనక్కి వెళుతుంది. సిమోన్‌గా లీనో వెంచురా, చార్లోగా షార్ల్ జెరార్, ఫ్రాన్సువాజ్‌గా ఫ్రాన్సువాజ్ ఫాబియాన్ నటించారు.

అపోహ: దోపిడీ కథలో ప్రేమ వస్తే కథ ఆగిపోతుంది.

వాస్తవం: ప్రేమ వచ్చినందువల్ల కథ ఆగదు, దోపిడీతో సంబంధం లేని ప్రేమ వచ్చినప్పుడు ఆగుతుంది. మన దగ్గర ‘ట్రాక్’ అనే మాటలోనే ఆ జబ్బు కనిపిస్తుంది, ఎందుకంటే ట్రాక్ అన్నాక అది పక్కన నడిచేదే తప్ప లోపల నడిచేది కాదు, పక్కన నడిచేదాన్ని నిడివి ఎక్కువైందని నిర్మాత కబురు చేయగానే ముందుగా తీసి పారేస్తాం. ‘లా బోన్ అనే’లో ఆ పని చేయడానికి ప్రయత్నించి చూడండి. దొంగ తన పనిలో భాగంగా చేసేది నగల దుకాణాన్ని గమనించడం: ఎవరు ఎప్పుడు వస్తారు, ఎప్పుడు తలుపు మూస్తారు, ఎవరు ఎవరిని నమ్ముతారు. ఫ్రాన్సువాజ్‌ను అతను మొదట చూసేదీ ఆ గమనింపులోనే. అదే వీధి, అదే ఓపిక, అదే చూపు. ఒకే పాయింట్ ఆఫ్ వ్యూ షాట్, అంటే పాత్ర కళ్లతో చూపించే షాట్, దోపిడీకీ ప్రేమకూ ఉమ్మడి ఆస్తి అయినప్పుడు దాన్ని పంచి ఇవ్వడం ఏ ఎడిటర్‌కూ సాధ్యం కాదు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి విడుదల తరువాతి భాగంలో ఉంది. పోలీసులు వెంట పడుతున్నారని సిమోన్ ఊహించగలడు. అందువల్ల అతను చేసే ప్రతి ఫోనూ, వెళ్లే ప్రతి ఇల్లూ ప్రమాదమే. అతనికి నిజంగా వెళ్లాలని ఉన్న చోటు ఒక స్త్రీ ఇల్లు. ఆమె లేకపోతే సిమోన్ మాయమైపోతే సరిపోతుంది, పోలీసుల ఎత్తు అక్కడితో చిత్తు, చివరి అరగంటకు కథే ఉండదు. ఉత్కంఠ పుట్టేది ప్రేమలోనుంచే గనుక ఈ సినిమాలో ల్యాగ్ అనిపించే చోటు ఏదైనా ఉంటే అది దోపిడీ ఏర్పాట్లలోనే ఉంటుందని, కాస్త మొండిగానే అయినా, నా అభిప్రాయం.

అపోహ: దోపిడీ అంటే యంత్రాలు, లేజర్ కిరణాలు, కౌంట్‌డౌన్ గడియారాలు.

వాస్తవం: సిమోన్ తన పథకాన్ని మనస్తత్వం మీద నడిచే దోపిడీగా భావిస్తాడు. నగల దుకాణంలో తాళాలు, అలారాలు అన్నీ దొంగను దృష్టిలో పెట్టుకొని అమర్చినవే. డబ్బున్న మంచి ఖాతాదారు నుంచి దుకాణాన్ని కాపాడే అలారం ఎవరూ కనిపెట్టలేదు. కాబట్టి సిమోన్ ఖాతాదారుగా వస్తాడు. అదీ మామూలు ఖాతాదారుగా కాదు, మేకప్ వేసుకొని, వయసు మీద పడిన సంపన్న వృద్ధుడిగా. ఒక్కసారి వచ్చి పోడు. నమ్మకం కుదిరేదాకా మళ్లీ మళ్లీ వస్తాడు.

ఈ సన్నివేశాలను వృత్తిపరంగా చూసేవారు వెంచురా శరీరాన్ని గమనించాలి. నటుడు కాకముందు ఆయన కుస్తీ వీరుడు. మెడా భుజాలూ ఆ సంగతిని ఎన్నటికీ దాచలేదు. ఆ మనిషి ఇక్కడ భుజాలు కుదించుకుని, అడుగు తీసి అడుగు వేయడానికి ఆలోచిస్తున్నట్టు నడుస్తూ, కుర్చీలో కూర్చోవడాన్ని కూడా ఒక కార్యక్రమంలా చేస్తాడు. దానికి ప్రతిగా దుకాణ నిర్వాహకుడి మర్యాద సందర్శన సందర్శనకూ పెరుగుతూ పోతుంది. ముసలివాడి వేషం ఎంత బాగుందన్న ప్రశ్నకు జవాబు మేకప్‌లో వెతకనక్కర్లేదు, నిర్వాహకుడి ముఖంలో కనిపిస్తుంది. ఎదుటివాడి స్పందనను చూపే రియాక్షన్ షాట్ రెండు సెకన్లు దాటితే కత్తెర వేయమనే అలవాటున్నవారు ఈ భాగాన్ని శబ్దం ఆపేసి ఒకసారి చూస్తే చాలు, దోపిడీ మొత్తం ఎదుటివాడి కళ్లలో జరుగుతోందని తెలిసిపోతుంది.

ఇంకో మాట. నిర్వాహకుడి ముందు వేషం వేసిన మనిషే ఫ్రాన్సువాజ్ ముందు వేషం లేకుండా కూర్చుంటాడు. తన మొరటుతనాన్ని, చదువు లేకపోవడాన్ని దాచుకోవడానికి పెద్దగా ప్రయత్నించడు. ఒకచోట నమ్మకాన్ని తయారుచేస్తాడు, ఇంకోచోట నమ్మకం దానంతట అది తయారవుతుంటే బిత్తరపోతాడు. రెండు వరసలనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టడంలోనే ఈ సినిమా హాస్యం ఉంది.

అపోహ: రీరికార్డింగ్ లేకపోతే దోపిడీ సీన్ పండదు.

వాస్తవం: ఇక్కడ లెలూష్‌ను వదిలి ఆయనకు ముందరి తరం దగ్గరికి వెళ్లాలి. జూల్స్ డాసిన్ 1955లో తీసిన ‘రిఫిఫి’లో దోపిడీ సుమారు అరగంట సాగుతుంది. ఆ అరగంటలో ఒక్క మాట ఉండదు, సంగీతమూ ఉండదు. నగల దుకాణం పైనున్న ఇంట్లోనుంచి నేలకు కన్నం వేసి, ఆ కన్నంలోనుంచి ముడిచిన గొడుగును కిందికి జార్చి అక్కడ తెరుస్తారు; ఆపైన రాలే పెచ్చులన్నీ గొడుగులోనే పడతాయి, చప్పుడు రాదు. అలారం నోరు మూయించడానికి అగ్నిమాపక యంత్రం నురగను దాంట్లోకి కొడతారు. సంగీత దర్శకుడు జార్జ్ ఓరిక్ ఈ భాగానికి సంగీతం సమకూర్చాడు కూడా. సంగీతంతో ఒకసారి, లేకుండా ఒకసారి చూపించాక ఆయనే తన సంగీతం వద్దని ఒప్పుకున్నాడు. ఆ సంవత్సరం కాన్ చిత్రోత్సవంలో డాసిన్ ఉత్తమ దర్శకుడి పురస్కారాన్ని మరొకరితో కలిసి పంచుకున్నాడు. అమెరికాలో కమ్యూనిస్టు ముద్ర వేసి పని దొరక్కుండా చేసిన దర్శకుడాయన. ఫ్రాన్సుకు వచ్చి తక్కువ ఖర్చుతో ఈ సినిమా తీశాడు. జాన్ పియెర్ మెల్విల్ 1970లో తీసిన ‘ల సెర్క్‌ల్ రూజ్’లో పారిస్ వాందోమ్ కూడలి నగల దోపిడీ సైతం మాటల్లేకుండానే సాగుతుంది.

నిశ్శబ్దం ఊరికే పండదు. తెర మీద ప్రతి పనీ ఏ వరసలో జరుగుతోందో, ఎందుకు జరుగుతోందో ప్రేక్షకుడికి అర్థమైతేనే అతను ఊపిరి బిగబట్టి చూస్తాడు. పని స్పష్టంగా లేనప్పుడు దాన్ని కప్పిపుచ్చడానికి మనం డ్రమ్స్ పిలుస్తాం. నా దగ్గరికి వచ్చే దోపిడీ సీన్లలో సంగీతం తీసేసి చూస్తే, గొళ్లెం తీసింది ఏ తలుపుదో తెలియనివి తక్కువేమీ కాదు.

అపోహ: నలుపు తెలుపు అంటే గతం, రంగు అంటే వర్తమానం.

వాస్తవం: ఇది ప్రేక్షకుల అపోహ కాదు, సినిమాకు రంగులు సరిదిద్దే మన డీఐ గదుల అపోహ. ‘లా బోన్ అనే’లో సిమోన్ విడుదలైన వర్తమానం నలుపు తెలుపులో ఉంటుంది, కాన్‌లో గడిచిన గతం రంగుల్లో ఉంటుంది. జైలు తరువాతి జీవితం వెలిసిపోయి, జ్ఞాపకమే పచ్చగా ఉన్న మనిషి కథకు ఇంతకన్నా సూటి పద్ధతి ఉండదు. అయితే రంగు మారిన ప్రతిచోటా లోతైన అర్థం వెతికేవారికి ఇదే దర్శకుడి ఇంకో సినిమాతో ఒక హెచ్చరిక ఉంది. 1966 నాటి ‘ఒక పురుషుడు, ఒక స్త్రీ’ చిత్రంలో రంగు, నలుపు తెలుపు మారుతూ ఉండడానికి విమర్శకులు ఎన్నో భాష్యాలు చెప్పారు గాని, రంగు ఫిల్ముకు డబ్బు చాలకపోవడమే అసలు కారణమని లెలూషే చెప్పుకున్నాడు. ఆ డబ్బు చాలని సినిమాకే కాన్‌లో అత్యున్నత పురస్కారం, ఉత్తమ విదేశీ చిత్రంగా ఆస్కార్ వచ్చాయి.

అపోహ: ఇవన్నీ మేధావులకు తీసిన సినిమాలు.

వాస్తవం: మేధావులను ఇంతగా ఆటపట్టించిన వాణిజ్య చిత్రం నాకు వెంటనే మరొకటి తట్టదు. సినిమా ఎక్కడ మొదలవుతుందో చూడండి: కొత్త సంవత్సరం ముందు రాత్రి జైల్లో ఖైదీలకు సినిమా వేస్తారు. వేసేది పైన చెప్పిన ‘ఒక పురుషుడు, ఒక స్త్రీ’యే. ప్రపంచమంతా మురిసిపోయిన తన ప్రేమకథను లెలూష్ ఏళ్ల తరువాత తీసిన ఈ సినిమాలో ఖైదీల చేత వెక్కిరింపజేస్తాడు.

ఆ తరువాత ఫ్రాన్సువాజ్ స్నేహితుల విందు. చదువుకున్నవాళ్లు, పుస్తకాల గురించీ సినిమాల గురించీ తీర్పులు చెప్పేవాళ్లు, బల్ల చుట్టూ చేరి సిమోన్‌ను మర్యాదగా చిన్నబుచ్చుతారు. సమీక్షలు చదవని మనిషి ఏ సినిమాకు వెళ్లాలో ఎలా తేల్చుకుంటాడని అడిగితే, ఆడవాళ్లను ఎంచుకున్నట్టే, సాహసం చేసి, అన్న అర్థం వచ్చే జవాబిస్తాడు. ఆ జవాబు నేటి చెవులకు కొంచెం గరుకుగానే వినిపిస్తుంది, గరుకుతనం ఆ పాత్రదే. ఇక్కడ నేర్చుకోవలసింది కథానిర్మాణంలో ఆ విందు స్థానం. దోపిడీ సినిమాలో హీరో గెలుపోటములు తిజోరీ దగ్గరే తేలాలని మనం అనుకుంటాం. ఈ సినిమాలో ఒక విందుబల్ల దగ్గర ఒక స్త్రీ ఎవరి వైపు చూసి నవ్విందన్న దానిలో సగం తేలిపోతుంది. ఫాబియాన్ అప్పటికి ఎరిక్ రోమెర్ ‘మోద్ ఇంట్లో నా రాత్రి’లో మాటకారి స్త్రీగా పేరు తెచ్చుకుంది, అందుకే ఆమె మౌనంగా వింటున్నప్పుడు కూడా ఆ చుట్టూ ఉన్నవాళ్లందరికన్నా తెలివైనదని నమ్మబుద్ధవుతుంది.

అపోహ: హీరోయిన్ వేచి ఉండాలి.

వాస్తవం: ఫ్రాన్సువాజ్ అలా వేచి ఉండదు. సిమోన్ జైల్లో ఉన్న కాలంలో ఆమె తన ఇష్టప్రకారం బతికింది, ఆ సంగతిని సినిమా దాచదు, దానికి శిక్ష కూడా వేయదు. దీన్ని మింగుకోవలసింది యాభై దాటిన ఆ దొంగ. తెర మీద ప్రేమ సన్నివేశాలంటే ముడుచుకుపోతాడని పేరున్న వెంచురాను ఈ పాత్రకు తీసుకోవడం ఎంత సరైన నిర్ణయమో ఇక్కడే తెలుస్తుంది, ఎందుకంటే ఆ ముడుచుకోవడమే పాత్ర అయిపోయింది.

అపోహ: దోపిడీ సినిమాలో దోపిడీని చూపించి తీరాలి.

వాస్తవం: జాక్ బెకెర్ 1954లో తీసిన ‘తూషే పా ఓ గ్రిస్బీ’ మొదలయ్యేసరికే బంగారు కడ్డీల దోపిడీ అయిపోయి ఉంటుంది. మిగిలిందల్లా దాన్ని కాపాడుకోవడం, స్నేహితుణ్ని కాపాడుకోవడం. వెంచురా నటించిన మొదటి సినిమా కూడా అదే.

అపోహ: ఊరు మారిస్తే రీమేక్ అయిపోతుంది.

వాస్తవం: ముందుగా ఒక గందరగోళం తీర్చాలి. 2014లో షారుఖ్ ఖాన్ నటించిన ‘హ్యాపీ న్యూ ఇయర్’ దీని రీమేక్ కాదు; పేరు, వజ్రాల దోపిడీ రెండూ కలిసినా, దుబాయిలో నాట్యపోటీ చుట్టూ నడిచే ఆ కథ వేరు. అసలు రీమేక్ 1987లో జాన్ జి. ఆవిల్డ్‌సెన్ దర్శకత్వంలో, పీటర్ ఫాక్ కథానాయకుడిగా, అదే ఇంగ్లీషు పేరుతో వచ్చింది. కాన్ స్థానంలో ఫ్లోరిడాను పెట్టారు, వేషాలను మరింత ముందుకు తెచ్చారు. ఆ సినిమాకు మేకప్ విభాగంలో ఆస్కార్ నామినేషన్ వచ్చింది. ఫాక్ మంచి నటుడు, మేకప్ నిజంగానే మెచ్చుకోదగ్గది. కానీ ఫ్రెంచి చిత్రంలో వేషం దొంగ చేతిలోని ఒక పనిముట్టు. రీమేక్‌లో అది ప్రేక్షకుడు చప్పట్లు కొట్టవలసిన అంశంగా మారింది. కెమెరా నిర్వాహకుడి ముఖాన్ని వదిలి ముసలివాడి ముడతల మీద నిలిచిన కొద్దీ, ఎవరు ఎవరిని నమ్ముతున్నారన్న ప్రశ్న పలచబడింది, దానితోపాటు ఆ ప్రశ్న మీదే ఆధారపడ్డ ప్రేమకథ కూడా. రీమేక్ హక్కులు కొనేవారు కథాసారాంశంతో పాటు ఏ సన్నివేశంలో ఎవరి ముఖం ఎంతసేపు ఉందో కూడా రాసుకొని చూస్తే, కొంటున్నది ఏమిటో ముందే తెలుస్తుంది.