నీలి రక్తం నిజంగా ఎవరిది?

రాజవంశీకుల్ని, తరతరాల పెద్దింటి వాళ్లని ఇంగ్లీషులో ‘బ్లూ బ్లడెడ్’ అంటారు. ఆ మాట స్పెయిన్ నుంచి వచ్చింది. అక్కడి ‘సాంగ్రే అసుల్’ (నీలి రక్తం) అనే మాటను 19వ శతాబ్దం తొలినాళ్లలో ఇంగ్లీషువాళ్లు మాటకు మాటగా తమ భాషలోకి తెచ్చుకున్నారు.

స్పెయిన్‌లో కాస్టీల్ ప్రాంతపు పాత ప్రభు కుటుంబాలు తమ వంశంలో మూర్ల (ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చి స్పెయిన్‌ను ఏలిన ముస్లింల) రక్తం గానీ, యూదుల రక్తం గానీ కలవలేదని చెప్పుకునేవి. తెల్లటి చర్మం కింద నీలంగా తేలే నరాలే వాళ్లకు రుజువు. ఎండన పడి పనిచేసే వాళ్ల చేతులకు అవి అంతగా కనిపించవు మరి. ఈ రక్తశుద్ధి పిచ్చి గొప్పలు చెప్పుకోవడంతో ఆగలేదు. 1449లో టొలెడో నగరంలో, యూదు మతం వదిలి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ల సంతతికి కూడా పదవులు దక్కకుండా శాసనం చేశారు. మతం మారినా రక్తం మారదన్నారు!

ఇంతకీ ఆ నీలం ఎక్కడిది? ల్యాబ్‌లో మోచేతి మడత దగ్గర నీలంగా కనిపించే సిరలోకే సూది గుచ్చుతారు. సిరంజిలోకి వచ్చేది మాత్రం ముదురు ఎరుపు రక్తం. చర్మం మీద పడ్డ వెలుతురులో నీలం ఎక్కువ లోతుకు వెళ్లకుండానే చెదిరి వెనక్కి వచ్చేస్తుంది. ఎరుపు లోపలిదాకా వెళ్తుంది, అక్కడ సిర ఉంటే అందులోని రక్తం దాన్ని కొంత పీల్చేసుకుంటుంది. 1996లో వెలువడిన ఒక పరిశోధన ఇంకో విచిత్రం చూపించింది. నీలంగా కనిపించే సిర మీద నుంచి కూడా మన కంటికి చేరేది నీలం కంటే ఎరుపే ఎక్కువ. కాకపోతే చుట్టూ ఉన్న చర్మంతో పోలిస్తే అక్కడ ఎరుపు తగ్గుతుంది. ఆ తేడా చూసి మెదడు దాన్ని నీలం అనుకుంటుంది. అంటే ఆ ప్రభువుల రక్తమూ ఎరుపే.

నిజమైన నీలి రక్తం ఆక్టోపస్‌ది, గుర్రపునాడా పీతది. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది ఇనుమైతే, వాటికి రాగి. ఒడిశా తీరంలో ఇసుకలో గుడ్లు పెట్టడానికి వచ్చే ఈ పీతల రక్తం, కొన్ని రకాల బాక్టీరియా విషం తగలగానే గడ్డకడుతుంది. 1956లో ఫ్రెడరిక్ బ్యాంగ్ అనే శాస్త్రవేత్త అమెరికా పీతల్లో దీన్ని గుర్తించారు. ఇంజెక్షన్లు, వ్యాక్సిన్లు శుభ్రంగా ఉన్నాయో లేదో చూసే పరీక్ష దీంతోనే పుట్టింది. రక్తం తీసి మళ్లీ సముద్రంలో వదిలినా కొన్ని పీతలు చచ్చిపోతున్నాయి. అదే పని చేసే ప్రొటీన్‌ను ఇప్పుడు ల్యాబ్‌లో తయారుచేస్తున్నారు కాబట్టి, మందుల కంపెనీలన్నీ త్వరగా దానికి మారాలి.