చార్జరు గోల ఎక్కడ పుడుతుంది?

చిరంజీవులు బుజ్జికి, చిన్నుకి తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి వచ్చినప్పుడు చిన్ను అడిగాడు, "చార్జరు ఆ గదిలో ఉంది, రేడియో ఈ గదిలో ఉంది, మరి చార్జరు పెడితే రేడియోలో ఎందుకు గోల?" అని. మీ బస్సుకి వేళైపోయి అప్పుడు చెప్పలేకపోయాను. మీరు వెళ్లాక పక్కింటి మామ్మగారు గోడ అవతలి నుంచి పిలిచారు. నెల రోజులుగా విజయవాడ స్టేషన్ గరగరమంటోందట. ఆవిడకి చూపు ఆనదు, రేడియోయే పేపరు. ఆవిడ రేడియో సెల్స్ మీద నడుస్తుంది కాబట్టి ముందు వాళ్లింట్లో మెయిన్ ఆపాం. గోల తగ్గలేదు. నేనొచ్చి మనింటి మెయిన్ ఆపాను. "ఆ, వచ్చిందయ్యా, వినబడుతోంది!" అని కేక. నాకు చాలా బాధేసింది. ఒక్కొక్క స్విచ్చే వేసి చూస్తే, దొంగ మీరు వదిలి వెళ్లిన నల్ల చార్జరు.

మా రోజుల్లో ఎలిమినేటర్, అంటే సెల్స్ బదులు గోడ కరెంటుతో రేడియో నడిపే డబ్బా, ఇటుకంత బరువుండేది. సెకనుకి 50 సార్లు ఊగే కరెంటుకి అంత ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ కావాలి మరి. ఇప్పటి చార్జరు అలా కాదు. గోడలోని 230 వోల్టుల్ని ముందు 325 వోల్టుల డీసీగా, అంటే ఊగకుండా ఒకే వైపు పారే కరెంటుగా మార్చి, దాన్ని సెకనుకి 65,000 సార్లో ఇంకా ఎక్కువో తుంచుతుంది. అంత వేగంగా తుంచితే ఉసిరికాయంత ట్రాన్స్‌ఫార్మర్ చాలు.

తుంచడంలోనే ఉంది తంటా. వేణువు ఊదితే ఒక స్వరం స్పష్టంగా పలుకుతుంది. చప్పట్లు కొడితే? ఠప్పుమనే ఆ దెబ్బలో సన్నవీ లావువీ అన్ని స్వరాలూ కలిసే ఉంటాయి. కరెంటును ఠక్కున తుంచడమూ చప్పట్లాంటిదే. 65 కిలోహెర్ట్జ్‌తో, అంటే సెకనుకి 65,000 సార్లతో మొదలైన గోల 130, 195, 260 అంటూ మెట్లెక్కుతుంది. పదమూడో మెట్టు 845. విజయవాడ స్టేషన్ వచ్చేది 837 కిలోహెర్ట్జ్ మీద. వేడికీ లోడుకీ ఆ మెట్లు కొంచెం అటూ ఇటూ జరుగుతాయి, అందుకే గోల పాకుతున్నట్టుంటుంది.

అయితే అంత చిన్న డబ్బా తనంతట తాను ఈ గోలని దూరం పంపలేదు. ఏరియల్ పని చేసేది దాని తీగలు. ఒకవైపు చార్జరు కేబుల్, ఇంకోవైపు ఇంటి వైరింగు మొత్తం, ఆపైన స్తంభం దాకా. ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండు చుట్లూ ఒకదాన్నొకటి తాకకపోయినా, పక్కపక్కనే ఉన్నందువల్ల ఆ వేగపు కరెంటు కాస్త అవతలికి దూకుతుంది. దూకింది వెనక్కి రావాలి కదా, దగ్గర దారి లేకపోతే ఊరంతా తిరిగొస్తుంది. మంచి చార్జర్లలో ఆ దగ్గర దారి వేస్తారు. చాలావాటిలో అది నీలంరంగు బిళ్లలా ఉంటుంది, వై కెపాసిటర్ అంటారు. కెపాసిటర్ అంటే వేగంగా ఊగే కరెంటుని పోనిచ్చి, డీసీని ఆపే భాగం. కరెంటు లోపలికొచ్చే చోట ఇంకో కెపాసిటరూ, ఫెరైట్ అనే నల్లటి అయస్కాంతపు ముద్ద మీద రెండు తీగలూ కలిపి చుట్టిన చోకూ (గోలని అడ్డుకునే చుట్ట) ఉంటాయి. చవక సరుకులో మొదట ఎగరగొట్టేవి ఇవే, ఎందుకంటే ఇవి లేకున్నా ఫోను చార్జ్ అవుతుంది! ఇది నాకు నిజంగా కోపం తెప్పించే విషయం. ఇళ్లలో వాడే కంప్యూటర్లు, టీవీల్లాంటి ఎలక్ట్రానిక్ వస్తువులకి సిస్పర్ 32 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం 500 కిలోహెర్ట్జ్ నుంచి 5 మెగాహెర్ట్జ్ దాకా గోడ తీగలోకి పోయే గోల 0.63 మిల్లీవోల్టు దాటకూడదు. లోపల ఎగిరిపడేది 325 వోల్టులు. అంటే ఐదు లక్షల వంతుకి అణచాలి. ఆ చిన్న బిళ్ల లేకుండా ఎలా కుదురుతుంది?

మనం చేసింది చెబుతాను. పాత మానిటర్ కేబుల్‌కి ఉండే నల్లటి ఉబ్బు గుర్తుందా? అదే ఫెరైట్. అలాంటి రింగులోంచి చార్జరు కేబుల్‌ని మూడుసార్లు తిప్పాను, డబ్బాకి వీలైనంత దగ్గరగా. ఒకసారి దూర్చిన దానికంటే మూడు చుట్లకి అడ్డు దాదాపు తొమ్మిది రెట్లు. కేబుల్‌లోని తీగలన్నీ కలిసే వెళ్లాలి. అప్పుడు చార్జింగ్ కరెంటు పోనూ రానూ చెల్లుకు చెల్లు అయిపోతుంది, గోల మాత్రమే ఆగుతుంది. ఒక్క తీగనే దూరిస్తే చార్జింగ్ కరెంటుకే ఫెరైట్ నిండిపోయి పనిచేయడం మానేస్తుంది.

మామ్మగారి గోల చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. ప్లగ్గు వైపు తీగకి కూడా ఒక రింగు వేయాలి. అదీ చాలకపోతే ఆ చార్జరు మానేద్దాం.

మీరు మాత్రం దాన్ని విప్పకండి. ప్లగ్గు తీసేసినా, లోపల డీసీని నిలవ ఉంచే ఇంకో కెపాసిటర్‌లో 325 వోల్టులు నిలిచి ఉండొచ్చు. వేసవికి వచ్చేటప్పుడు మీ దగ్గరున్న చార్జర్లన్నీ పట్టుకురండి, ఒక్కొక్కటే రేడియో పక్కన పెట్టి విందాం.

ఇట్లు
మీ తాతయ్య