ఇంట్లో పాపాయి కోసం ఎదురుచూస్తున్న పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

మీలో కొందరి ఇళ్లలో అమ్మో, పిన్నో, వదినో కడుపుతో ఉండి ఉంటారు. మరికొందరి ఇళ్లలో ఇంకా మాటలు రాని తమ్ముడో చెల్లెలో ఉంటారు. భోజనాల వేళ ఎవరి కంచంలో ఏమి పడుతున్నదో మీకు బాగా కనిపిస్తుంది కాబట్టి ఈ ఉత్తరం పెద్దవాళ్లకు కాక మీకే వ్రాస్తున్నాను.

మన ఇళ్లలో చాలాచోట్ల వండినామె అందరికీ వడ్డించి చివరన కూర్చుంటుంది. అప్పటికి అన్నం, చారు, పచ్చడి మిగులుతాయి గానీ పప్పు అడుగంటి ఉంటుంది, కూర అయిపోయి ఉంటుంది. కడుపుతో ఉన్న మనిషికి ఇలా జరగడం నాకు ఎంతమాత్రం నచ్చదు. ఆమె మీతోపాటే కూర్చోవాలి. గరిటె అడుగుదాకా పెట్టి తీసిన ముద్దపప్పు ముందుగా ఆమె కంచంలో పడాలి. అంటే ఇద్దరి తిండి తినమని అన్నం కొసరి కొసరి పెట్టడం కాదు. గర్భిణికి రోజూ అదనంగా కావలసింది సుమారు 350 కిలోకేలరీలేనని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. ఒక గ్లాసు పాలు, ఒక ఉడికించిన గుడ్డు, గుప్పెడు వేయించిన వేరుశనగపప్పు కలిస్తే దాదాపు అంత అవుతుంది.

రక్తహీనత గురించి కాస్త వివరంగా చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా, అంటే 52.2 శాతం మందికి రక్తం తక్కువగా ఉంది. కడుపులోని బిడ్డ పుట్టాక తొలి నెలల్లో తనకు కావలసిన ఇనుమును అక్కడే తల్లి నుంచి తీసుకుని దాచుకుంటుంది కనుక, తల్లి తిండిలో ఇనుము చాలకపోతే ఇద్దరికీ కష్టమే. తోటకూర, మునగాకు, పప్పులు, మాంసం, చేపలు తింటూనే, ఆసుపత్రిలో ఇచ్చే ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు కనీసం 180 రోజులు వేసుకోవాలి. భోజనం కాగానే టీ తాగితే తిన్న ఇనుము ఒంటికి సరిగా పట్టదు. నిమ్మరసమో, ఉసిరికాయో, జామపండో తోడైతే బాగా పడుతుంది. కాల్షియం మాత్రను దీనితో కలిపి కాక వేరే పూట వేసుకోవాలి. మాత్ర వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. బిడ్డ రంగు తల్లిదండ్రుల నుంచి వస్తుంది. దాన్ని మాత్రా మార్చదు, కుంకుమపువ్వూ మార్చదు.

కాన్పు తర్వాత పత్యం పేరుతో కూరలు, పండ్లు, పెరుగు మానిపించి, మంచినీళ్లు కూడా కొలిచి ఇచ్చే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పాలిచ్చే తల్లికి గర్భంతో ఉన్నప్పటికంటే ఎక్కువ ఆహారమే కావాలి. కారప్పొడి అన్నంతో ఆమెను సరిపెట్టడం అన్యాయమని నేను గట్టిగా చెప్పగలను.

పుట్టిన గంటలోపే బిడ్డకు ముర్రుపాలు పట్టాలి. వాటిని పిండి పారబోయకూడదు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మరేమీ అక్కరలేదు, ఎండాకాలంలోనైనా మంచినీళ్లు కూడా వద్దు. ఏడాది నిండనిదే తేనె నాకించకూడదు, అందులో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి పసివాళ్లకు ప్రమాదం.

అసలు చిక్కు అన్నప్రాసన తర్వాత వస్తుంది. పప్పు మీద తేరిన కట్టును రెండు చెంచాలు పట్టి, పాప తిన్నదని సంతోషిస్తారు. చిన్నారి పొట్టలో పట్టేదే కొంచెం. ఆ కొంచెమూ నీళ్లతో నిండితే బలం ఎక్కడి నుంచి వస్తుంది? చెంచా వంచినప్పుడు గబుక్కున జారిపోకుండా నిలిచేటంత చిక్కగా ఉండాలి. మెత్తగా ఉడికిన అన్నం, పెసరపప్పు, నాలుగు ఆకుల పాలకూర కలిపి మెదిపి, చెంచా నెయ్యి వేస్తే చాలు. ఏడాదిలోపు ఉప్పు, చక్కెర వద్దు. తల్లిపాలు రెండేళ్ల వరకూ, ఆ పైన కూడా కొనసాగించవచ్చు. మీరు కొనుక్కున్న చిప్స్ ప్యాకెట్టులోంచి ముద్దుకైనా ఒకటి నోట్లో పెట్టకండి. వేరుశనగ గింజలు అసలే పెట్టకండి, గొంతుకు అడ్డం పడతాయి.

అంగన్‌వాడీ సేవలు 1975 అక్టోబరు 2న మొదలయ్యాయి. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులకు, బాలింతలకు గుడ్డు, పాలతో ఒక పూట భోజనం పెడతారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ గుడ్లు, పాలు ఇస్తారు. అవి ఇంటికి వచ్చినచోట అందరికీ పంచేస్తారు, చంటిబిడ్డకు ఇచ్చిన బాలామృతం పిండి లడ్డూలై మీ చేతికే వస్తుంది. ఆ గుడ్డు అమ్మది, ఆ పిండి పాపది అని మీరే చెప్పండి. నెలనెలా పాపను తూకం వేయించేటప్పుడు వెంట వెళ్లి, కార్డులో బరువు గీత పైకి వెళ్తున్నదో లేదో చూడండి. పెరగకుండా నిలిచిపోతే అంగన్‌వాడీ టీచరునో, ఊళ్లోకి వచ్చే ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎమ్మునో ఆ రోజే అడగమని ఇంట్లో చెప్పండి.

ఇట్లు,
మీ అమ్మమ్మ