533201: అమలాపురం పిన్‌కోడ్ లోపలి లెక్క

అమలాపురం పిన్‌కోడ్ 533201. మన దేశంలో పిన్‌కోడ్‌లు 1972 ఆగస్టు 15న మొదలయ్యాయి. ఈ ఆరు అంకెల్లో తపాలా శాఖకి ఉత్తరం చేరాల్సిన ప్రాంతం, పోస్టాఫీసు కనిపిస్తాయి. మనం మాత్రం దీన్ని ఉత్త సంఖ్యగా చూద్దాం.

ఇది ప్రధాన సంఖ్యా? చివర 1 ఉంది కాబట్టి 2తో, 5తో పోదు. అంకెల మొత్తం 14, అంటే 3తోనూ పోదు. 7, 11, 13 అంటూ వరసగా భాగించుకుంటూ వెళ్తే ప్రతిసారీ ఎంతో కొంత శేషం. ఇక విసుగొచ్చి వదిలేద్దామనుకునే వేళకి 61 దొరుకుతుంది: 533201 = 61 × 8741. ఈ రెండూ ప్రధాన సంఖ్యలే.

అసలు రుచి ఇక్కడుంది. 61ని, 8741ని 4తో భాగిస్తే శేషం 1. అలాంటి ప్రధాన సంఖ్య ఏదైనా రెండు వర్గాల మొత్తం అవుతుందని, అదీ ఒకే ఒక్క విధంగా అవుతుందని 1640లో ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా చెప్పాడు. నిరూపణ మాత్రం వందేళ్ళు దాటాక స్విస్ గణితవేత్త ఆయిలర్ చేతిలో కుదిరింది. 61 = 5² + 6². 8741 = 50² + 79².

ఇలాంటి రెండు మొత్తాలను గుణిస్తే వచ్చేది కూడా రెండు వర్గాల మొత్తమే. గ్రీకు గణితవేత్త డయోఫాంటస్‌కి తెలిసిన ఈ సూత్రాన్ని 628లో బ్రహ్మగుప్తుడు ఇంకా విస్తరించి ఇచ్చాడు. 6×79 + 5×50 = 724, 5×79 − 6×50 = 95. గుర్తులు తారుమారు చేస్తే 5×79 + 6×50 = 695, 6×79 − 5×50 = 224. అంటే 533201 = 724² + 95² = 695² + 224².

కోనసీమ రైతు ఒకాయన 533201 కొబ్బరి మొక్కలు తెచ్చాడనుకోండి (అంత భూమి ఎక్కడిదని అడక్కండి). ఒక్కటీ మిగలకుండా రెండు చదరపు తోటలుగా వేయాలి. వరుసకి 724 చొప్పున 724 వరుసలు ఒక తోట, 95 చొప్పున 95 వరుసలు రెండోది. లేదా 695, 224. మూడో దారి లేదు.

గోదావరి పాయ వశిష్ఠ దాటి భీమవరం వెళ్తే ఈ ఆట సాగదు. అక్కడి పిన్‌కోడ్ 534201లో అంకెల మొత్తం 15. కాబట్టి 3తో పోతుంది, 9తో పోదు. ఏ వర్గాన్నైనా 3తో భాగిస్తే శేషం 0 గానీ 1 గానీ వస్తుంది, 2 రాదు. కనుక రెండు వర్గాల మొత్తం 3తో పోవాలంటే రెండు శేషాలూ సున్నా కావాలి. అప్పుడు ఆ వర్గాలు రెండూ 9తో పోతాయి, మొత్తమూ పోవాలి. 534201 పోదు. అంటే ఒక్క మొక్కా నాటకుండానే తేలిపోయింది! కాకినాడ 533001దీ ఇదే గతి.

ఇప్పుడు లెక్కని వెనక్కి నడుపుదాం. 61 సంగతి మనకి తెలియదు, ఆ రెండు జతల తోటలే తెలుసు. బేసి సంఖ్యలు 695, 95: తేడా 600, మొత్తం 790. సరి సంఖ్యలు 724, 224: తేడా 500, మొత్తం 948. 600, 500ల గసాభా 100. 790, 948ల గసాభా 158. వీటి సగాలు 50, 79. వాటి వర్గాలు కూడితే 8741 వచ్చి ఒళ్ళో పడుతుంది, భాగహారాల తంటా లేకుండా.

ఈ ఉపాయం ఆయిలర్‌ది. 1000009ని 1000² + 3² గానూ, 972² + 235² గానూ రాసి, అది 293 × 3413 అని ఆయన తేల్చాడు. అంతకుముందు ఆ సంఖ్యని ప్రధాన సంఖ్యల జాబితాలో చేర్చిందీ ఆయనే.